కత్తి మీది పేరు

ఇరాన్ దేశపు పాత కత్తులను పరిశీలించేవారికి ఒక పేరు పదే పదే ఎదురవుతుంది. పిడికి కొంచెం దిగువన, అలుగు మీద, బంగారం పొదిగిన చిన్న గడిలో పారసీక భాషలో 'అమలె అసదుల్లా ఇస్ఫహానీ' అని ఉంటుంది. ఇస్ఫహాన్ వాసి అసదుల్లా చేసిన పని అని దాని అర్థం. చాలాసార్లు దానికి దగ్గరలోనే మరొక గడి ఉండి, అందులో షా అబ్బాస్ పేరు కనిపిస్తుంది. సఫవీ వంశానికి చెందిన మొదటి షా అబ్బాస్ 1588 నుంచి 1629 వరకు రాజ్యం చేశాడు. అసదుల్లా ఆయన కాలపు కమ్మరి అనీ, అంతటి పనివాడు మళ్ళీ పుట్టలేదనీ వాడుక.

ఇంతవరకు చిక్కు ఏమీ లేదు. ఈ పేరున్న కత్తులన్నిటినీ ఒకచోట చేర్చి చూసినప్పుడే చిక్కు మొదలవుతుంది. ముస్లిం దేశాల ఆయుధకారుల పేర్లను పట్టికగా కూర్చిన ఎల్.ఏ. మేయర్ గ్రంథం 1962లో వెలువడింది. ఇరాన్ ఉక్కు సామగ్రి మీద జేమ్స్ అలన్, బ్రయన్ గిల్మోర్ రాసిన పెద్ద గ్రంథం 2000లో వచ్చింది. అసదుల్లా పేరుతోపాటు సంవత్సరం కూడా చెక్కిన కత్తులను వరుసగా పెడితే, మొదటి సంవత్సరానికీ చివరి సంవత్సరానికీ మధ్య ఒక మనిషి ఆయుర్దాయం కాదు, కొన్ని తరాల కాలం పడుతున్నది. అన్నిటి మీదా అక్షరాల తీరు ఒకటి కాదు. పనితనం ఒకటి కాదు. ఉక్కు నాణ్యం కూడా ఒకటి కాదు. ఒక మనిషి రెండు చేతులతో చేయగలిగిన కత్తులకన్నా అతని పేరున్న కత్తులు ఎన్నో రెట్లు ఎక్కువ.

దీనికి పరిశోధకులు పలు సమాధానాలు చెబుతారు. తరువాతి కమ్మరులు గిరాకీ కోసం ఆ పేరు దొంగిలించారనేది అందరికీ మొదట తోచే సమాధానం. అది ఒక కుటుంబం పేరు, ఒక కార్ఖానా పేరు అని కొందరంటారు. 'అసదుల్లా కుమారుడు కల్బె అలీ' అని చెక్కిన కత్తులు కూడా ఉన్నాయి గనుక ఈ మాటలో కొంత బలం ఉంది. ఇక మూడవ సమాధానం అన్నిటికన్నా ఆసక్తికరమైనది: అసదుల్లా మనిషి పేరే కాదు, పనిలో అత్యున్నత స్థాయిని అందుకున్న ఉస్తాదుకు దక్కే బిరుదు అని ఇటీవలి ఇరాన్ పండితులలో కొందరి అభిప్రాయం. 'దేవుని సింహం' అనే అర్థంగల ఆ మాట హజ్రత్ అలీ (ర) బిరుదు కూడా. కత్తి మీద ఆ మాటకున్న ఆకర్షణ ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు.

ఆ పేరు చుట్టూ ఒక కథ కూడా ఉంది. ఉస్మానీ సుల్తాను ఒక శిరస్త్రాణం పంపి, దీన్ని ఒక్క వేటుతో నరికే కత్తి ఎవరైనా చేస్తే గొప్ప బహుమానం ఇస్తానన్నాడట. అసదుల్లా చేశాడట. సంతోషించిన షా అబ్బాస్ ఏం కావాలో కోరుకోమంటే, తనకేమీ వద్దని, కత్తులు చేసే వారందరికీ పన్ను తీసివేయమని అడిగాడట. ఈ కథ నిజమో కాదో తేల్చడం కష్టం. అయితే తన పనివారందరి కోసం వరం అడిగిన మనిషి పేరును ఆ పనివారందరూ వాడుకోవడంలో ఒక న్యాయం ఉందని ఇస్ఫహాన్ బజారు అనుకుని ఉంటే మనం పెద్దగా ఆశ్చర్యపడనక్కరలేదు.

ఈ రోజుల్లో దీన్ని ట్రేడ్‌మార్కు తగాదా అంటాం. ఒకరి గుర్తును మరొకరు వాడుకున్నారని న్యాయస్థానానికి వెళతాం. కాని అసదుల్లా విషయంలో ఫిర్యాదు చేయవలసినవారు ఎవరు? మోసపోయినది ఎవరు? కత్తి కొన్నవాడా, చనిపోయిన అసదుల్లానా, లేక పేరు ఏనాడూ కత్తి మీదికి ఎక్కని ఇంకెవరైనానా? ఈ ప్రశ్నకు మన ధర్మశాస్త్రజ్ఞులు ఒక విధంగా, ఆధునిక చట్టం మరొక విధంగా సమాధానం చెప్పాయి. ఆ తేడాను చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా, కత్తుల విషయంలో మనిషి పేరుకన్నా ఊరి పేరే పాతదని గుర్తించాలి. అరబ్బీలో కత్తికి ఉన్న అనేక పేర్లలో 'ముహన్నద్' ఒకటి. హింద్ దేశపు ఉక్కుతో చేసినది అని దాని అర్థం. ఇస్లాంకు పూర్వపు కవులు కూడా ఆ మాట వాడారు. ప్రవక్త ముహమ్మద్ (స) సమక్షంలో కఅబ్ బిన్ జుహైర్ (ర) వినిపించిన ప్రసిద్ధ ఖసీదాలో ప్రవక్త (స)ను హింద్ ఖడ్గంతో పోల్చిన సంగతి మదరసాలలో చదివిన వారందరికీ తెలుసు. ఈనాటికీ అరబ్బులు మగపిల్లలకు ముహన్నద్ అని పేరు పెడతారు. ఎక్కడో సముద్రం అవతలి నుంచి వచ్చిన సరుకు పేరు మంచితనానికి పర్యాయపదమైపోయింది. కాని ఒక పేరు అంత మంచిపేరు అయినప్పుడే దానికి ప్రమాదం మొదలవుతుంది. హింద్ ఉక్కు అంటే నాణ్యమైనదని లోకం నమ్మితే, నాణ్యంగా కనిపించే ప్రతిదాన్నీ హింద్ ఉక్కు అని అమ్మేవాళ్ళు బయలుదేరతారు.

ఈ ప్రమాదాన్ని గుర్తించి శాస్త్రీయంగా రాసిన తొలి రచయితలలో తత్వవేత్త అల్ కిందీ ఒకడు. క్రీ.శ. 9వ శతాబ్దిలో, ఖలీఫా ముఅ్‌తసిమ్ (833–842) కోరగా కత్తుల రకాల మీద ఆయన ఒక చిన్న గ్రంథం రాశాడని చెబుతారు. గ్రీకు తత్వాన్ని అరబ్బీలోకి తెచ్చిన మహానుభావుడు కత్తుల బజారులో కూర్చుని రంగు, బరువు, వెడల్పు, జౌహర్ పరీక్షించడం కొందరికి వింతగా తోచవచ్చు. జౌహర్ అంటే మంచి ఉక్కు అలుగు మీద కదిలే నీటి అలల్లా కనిపించే సన్నని చారలు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గదిలో అలాంటి అలుగుల ముందు కాసేపు నిలబడి చూస్తే ఈ మాట సులభంగా బోధపడుతుంది.

అల్ కిందీ కత్తులను 'అతీఖ్', 'ముహ్‌దస్', ఈ రెండూ కానిది అని విభజించాడు. అతీఖ్ అంటే మామూలు అర్థంలో ప్రాచీనమైనది. కాని అల్ కిందీ అక్కడే ఆగి ఒక హెచ్చరిక చేస్తాడు. ఇక్కడ ప్రాచీనం అనే మాటకు కాలంతో నిమిత్తం లేదు. మేలుజాతి గుర్రాన్ని అతీఖ్ అన్నట్లే ఇదీ గుణాన్ని చెప్పే మాట. నిన్న చేసిన కత్తికి కూడా ఆ గుణాలుంటే అది అతీఖే అంటాడు. ఈ వివరణను తేలికగా తీసుకోకూడదు. ఒకప్పుడు కాలాన్ని చెప్పిన పేరు, బజారులో నలిగి నలిగి నాణ్యాన్ని చెప్పే పేరుగా మారిందని దీని వల్ల తెలుస్తుంది. తెలిసిన వర్తకుడికి దాని వల్ల నష్టం లేదు. తెలియని కొనుగోలుదారు మాత్రం ప్రాచీనమనుకుని డబ్బు పోసి నిన్నటి కత్తిని ఇంటికి తీసుకుపోతాడు. అసదుల్లా పేరుకు పట్టిన గతి కూడా సరిగ్గా ఇదే, ఎనిమిది వందల ఏళ్ళ తరువాత.

అల్ కిందీ చెప్పిన మరొక సంగతి కూడా మనకు అవసరం. ఉక్కు పుట్టిన చోటు వేరు, కత్తిగా సాగిన చోటు వేరు. సరన్‌దీబ్, అంటే సింహళం, నుంచి వచ్చిన ఉక్కును ఇతర దేశాల కమ్మరులు కత్తులుగా సాగదీసేవారు. అలాంటి కత్తికి ఏ ఊరి పేరు పెట్టాలి? ఉక్కు ఊరిదా, కమ్మరి ఊరిదా? ఆచరణలో ఈ రెండూ కాకుండా మూడవ ఊరి పేరు నిలిచింది. అది అమ్మిన ఊరి పేరు.

డమాస్కస్ కథ ఇదే. డమాస్కస్‌లో కత్తులు చేసేవారు లేరని కాదు. ఆ ఊరి కమ్మరి మజ్యద్ బిన్ అలీ కత్తుల మీద ఒక గ్రంథం రాశాడని 11వ శతాబ్దిలో అల్ బీరూనీ పేర్కొన్నాడు. 1432లో అక్కడికి వచ్చిన బుర్గుండీ దేశపు యాత్రికుడు బెర్‌ట్రాండన్ ద లా బ్రొకియేర్ ఆ ఊరి కత్తులను ఎంతో మెచ్చుకున్నాడు. కాని 1401లోనే తైమూర్ ఆ నగరాన్ని ధ్వంసంచేసి పనితనమున్న వారిని సమర్‌ఖండ్‌కు తరలించుకుపోయాడు. మనుషులు పోయినా పేరు పోలేదు. ఐరోపా వారు జౌహర్ ఉన్న ప్రతి కత్తినీ, అది ఇస్ఫహాన్‌ది కానీ లాహోర్‌ది కానీ, డమాస్కస్ కత్తి అనే పిలిచారు. ఆ పేరు అసలు ఊరి నుంచి వచ్చిందా, డమాస్క్ పట్టుబట్ట నేతలోని మెరుపును పోలిన చారల నుంచి వచ్చిందా అనే విషయంలో పండితులకు ఈనాటికీ ఏకాభిప్రాయం లేదు.

ఆ ఉక్కు ఎక్కడిదో మాత్రం 17వ శతాబ్దపు వర్తకులకు బాగా తెలుసు. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తవెర్నియే రాసిన దాని ప్రకారం, పారసీకులు జౌహర్ తేల్చగలిగిన ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచి వచ్చేది. చిన్న రొట్టె అంత బిళ్ళలుగా దొరికేది. నాణ్యం చూడటానికి బిళ్ళను రెండుగా కోసేవారు. ఒక్కొక్క సగం ఒక కత్తిలో సగానికి సరిపోయేది. మరొక ఫ్రెంచి యాత్రికుడు షార్దేన్ కూడా పారసీక కమ్మరులు తమ దేశపు ఉక్కుకన్నా హింద్ ఉక్కుకే ఎక్కువ విలువ ఇచ్చేవారని రాశాడు. బిళ్ళను కోసి చూడటమనే ఆ అలవాటును పాఠకులు గమనించాలి. ఊరి పేరు ఎంత గొప్పదైనా, తెలిసిన కొనుగోలుదారు దాన్ని నమ్మి డబ్బు లెక్కపెట్టలేదు. కోసి లోపల చూశాడు.

ఇక ధర్మశాస్త్రం వైపు వద్దాం. బజారులో ధాన్యపు రాశిలో ప్రవక్త (స) చెయ్యి పెట్టి చూడగా లోపల తడి తగలడం, వర్షానికి తడిసిందని అమ్మేవాడు చెప్పడం, అయితే అందరికీ కనబడేలా తడిసినదాన్ని పైకి ఎందుకు పెట్టలేదని ప్రవక్త (స) మందలించడం సహీహ్ ముస్లింలోని ప్రసిద్ధమైన ఉదంతం. 'గిష్', అంటే వంచన, అనే విషయం మీద ఫుఖహా రాసినదంతా ఈ రాశి చుట్టూ అల్లుకున్నదే. లోపల ఒకటి, పైన ఒకటి. పేరు కూడా పైన కనిపించేదే గనుక, తప్పుడు పేరు పెట్టడం తడిసిన ధాన్యం మీద పొడి ధాన్యం పోయడం వంటిదే.

బజారును కనిపెట్టి ఉండే అధికారి ముహ్‌తసిబ్. ఆయన విధుల గురించి 12వ శతాబ్దిలో సిరియాకు చెందిన అష్‌షైజరీ రాసిన గ్రంథం ఒక విధంగా బజారు మోసాల నిఘంటువు. వంటవాళ్ళు, అత్తరు అమ్మేవాళ్ళు, వైద్యులు, ఎవరెవరు ఏ ఏ కల్తీలు చేస్తారో చెబుతూ ఆయన కమ్మరుల దగ్గరికి వస్తాడు. మెత్తని ఇనుముతో కత్తులు, కత్తెరలు చేసి వాటిని ఫౌలాద్ అని, అంటే ఉక్కు అని, అమ్మడం మోసమనీ, అలా జరగకుండా చూడాలనీ అంటాడు. పాత మేకులను సాగగొట్టి కొత్త మేకులలో కలపడం కూడా అక్కడే నిషేధించాడు. డమాస్కస్ కత్తుల పేరు మోగిపోతున్న దేశంలోనే, ఉక్కు అనే మాటను కాపాడటానికి ఒక అధికారి కావలసి వచ్చాడన్నమాట. ఆయన కాపాడినది ఏ ఒక్క కమ్మరి ముద్రనూ కాదు, 'ఫౌలాద్' అనే జాతి పేరును. పేరు అందరిదీ అయితే దాన్ని చెడగొట్టే హక్కు ఎవరికీ లేదన్నది దాని వెనక ఉన్న ఊహ.

హనఫీ న్యాయశాస్త్రం ఇంకా లోతుగా వెళ్ళింది. అమ్మకంలో వస్తువును చూపించడం 'ఇషారా', దానికి పేరు చెప్పడం 'తస్మియా'. ఈ రెండూ ఒకదానితో ఒకటి పొసగకపోతే ఏది లెక్క? 1197లో మరణించిన మర్గీనానీ తన హిదాయాలో చెప్పిన సూత్రం ఇది. చూపించిన వస్తువు, చెప్పిన పేరు వేర్వేరు జాతులకు చెందినవైతే బేరం పేరును పట్టి నడుస్తుంది. పేరు చెప్పిన వస్తువు అక్కడ లేదు గనుక బేరమే చెల్లదు. రెండూ ఒకే జాతివై, గుణంలో మాత్రమే తేడా ఉంటే బేరం చూపించిన వస్తువును పట్టి నిలుస్తుంది. కాని కొన్నవాడు కావాలంటే తిప్పి ఇచ్చివేయవచ్చు. ఆ స్వేచ్ఛే 'ఖియార్'. ఉస్మానీ రాజ్యంలో 1869–1876 మధ్య కూర్చిన మజల్లా అనే ధర్మస్మృతి దీన్నే 208, 310 అధికరణాలలో ఉదాహరణలతో చెప్పింది. వజ్రమని గాజుముక్క అమ్మితే అమ్మకం శూన్యం. రాత్రివేళ ఎర్ర కెంపు అని అమ్మినది తెల్లవారి చూస్తే పసుపుపచ్చ రాయిగా తేలితే అమ్మకం ఉంటుంది, తిప్పి ఇచ్చే హక్కూ ఉంటుంది.

ఈ త్రాసులో మన కత్తులను తూచి చూద్దాం. సాదా ఇనుము మీద ఆమ్లంతో చారలు తెప్పించి జౌహర్ కత్తి అని అమ్మేవారు 19వ శతాబ్దిలో చాలామంది ఉండేవారు. అది వజ్రం పేరుతో గాజు అమ్మడమే, అమ్మకం శూన్యం. దీనిలో చర్చ లేదు. అసలైన జౌహర్ ఉక్కుతోనే, చేయి తిరిగిన కమ్మరే చేసి, అసదుల్లా పేరు మాత్రం దొంగతనంగా చెక్కితే? జాతి ఒకటే, గుణంలో తేడా, పైగా ఆ తేడా కూడా కంటికి కనిపించేది కాదు. కొన్నవాడికి ఖియార్ ఉంటుంది. ఇక అసదుల్లా బిరుదే అయి, ఇస్ఫహాన్ బజారులో అందరికీ అది మొదటి తరగతి సరుకుకు గుర్తు అని తెలిసి ఉంటే? వాడుకలో స్థిరపడినది ఒప్పుకున్న షరతుతో సమానమనే సూత్రం కూడా మజల్లాలోనే (43వ అధికరణం) ఉంది. అప్పుడు మొదటి తరగతి కత్తికి ఆ పేరు చెక్కడం అబద్ధం కాదు. రెండవ తరగతి కత్తికి చెక్కడం అబద్ధం. అయితే ఈ వాదన ఆ బజారు వాడుక తెలిసినవారి మధ్యనే నిలుస్తుందని నా అభిప్రాయం. దిల్లీలోనో ఇస్తాంబుల్‌లోనో ఆ కత్తి కొన్నవాడు అసదుల్లా అంటే ఒక మనిషి అనే అనుకున్నాడు. ఇస్ఫహాన్ వాడుక అతన్ని ఏ విధంగా కట్టిపడేస్తుంది? వాడుక ఊరు దాటితే దాని బలం కూడా ఊరు దాటుతుందని ఫుఖహా ఎవరూ అనలేదు.

ఇంతవరకు ఒక విషయం పాఠకుల దృష్టికి వచ్చే ఉంటుంది. ఈ చర్చలో ఎక్కడా అసదుల్లా నష్టం గురించి మాట లేదు. ఉన్నదంతా కొన్నవాడి నష్టమే. ఇది పొరపాటున జరిగినది కాదు. హనఫీ పండితుల నిర్వచనంలో 'మాల్', అంటే ఆస్తి, అనేది చేతికి అందేది, అవసరానికి దాచుకోదగినది. పేరు అలాంటిది కాదు. షాఫఈ, మాలికీ, హంబలీ పండితులు ప్రయోజనాన్ని కూడా మాల్‌గా అంగీకరించారు గనుక వారి మార్గంలో పేరుకు కొంత చోటు దొరకవచ్చు. కాని వారి పాత గ్రంథాలలో కూడా కమ్మరి ముద్ర మీద కమ్మరికి హక్కు అనే అధ్యాయం కట్టలేదు.

ఆ అధ్యాయం రాసినది 19వ శతాబ్దం. ఇంగ్లండులోని షెఫీల్డ్ కత్తుల తయారీదారులకు 1624 నుంచే ఒక సంఘం ఉండి, ఎవరి ముద్ర ఎవరిదో నమోదు చేసేది. జర్మనీలోని జోలింగెన్ నుంచి షెఫీల్డ్ పేరుతో చవక సరుకు దిగడం మొదలయ్యాక వారు పట్టుపట్టి 1887లో బ్రిటన్‌లో వస్తుచిహ్నాల చట్టం తెప్పించారు. రెండేళ్ళకే, 1889లో, బ్రిటిష్ ఇండియాకూ అలాంటి చట్టం వచ్చింది. ఉస్మానీ ప్రభుత్వం వీరికన్నా ముందే, 1871లో, 'అలామతె ఫారిఖా', అంటే వేరుచేసి చూపే గుర్తు, పేరుతో నిబంధనావళిని జారీచేసింది. ముహ్‌తసిబ్ కాపాడిన పేరు కొనేవాడి పక్షాన ఉండేది. ఈ చట్టాలు కాపాడిన పేరులో కొనేవాడు పూర్తిగా మాయం కాలేదు గాని, మొదటి కుర్చీ గుర్తు యజమానిది.

ఈ రెండు దారులనూ కలపడానికి ఆధునిక ధర్మశాస్త్రజ్ఞులు చేసిన ప్రయత్నం ప్రశంసించదగినది. ఇస్లామీయ దేశాల సంస్థకు అనుబంధమైన అంతర్జాతీయ ఫిఖ్‌హ్ అకాడమీ 1988 డిసెంబరులో కువైట్‌లో సమావేశమై, వ్యాపార నామం, వ్యాపార చిహ్నం, గ్రంథ రచన, కొత్త యంత్రాన్ని కనిపెట్టడం వంటివి వాటి యజమానులకు చెందిన హక్కులని తీర్మానించింది. నేటి వాడుకలో వాటికి ఆర్థిక విలువ ఏర్పడింది గనుక వాటిని అతిక్రమించరాదని చెప్పింది. వాటిని ఇతరులకు డబ్బుకు బదిలీ చేయవచ్చు గాని అందులో సందిగ్ధత, దాపరికం, వంచన ఉండకూడదని షరతు పెట్టింది. ఆ షరతు లేకపోతే ఈ తీర్మానం కేవలం యజమాని పక్షమే అయ్యేది. పేరు అమ్ముకోవచ్చు, కాని పేరుతోపాటు కొనేవాడి నమ్మకాన్ని అమ్ముకోకూడదు. పేరు కొనుక్కున్నవాడు నాణ్యం తగ్గించి అదే పేరు కింద సరుకు దించితే తీర్మానంలోని మొదటి భాగం అతనికి రక్ష, రెండవ భాగం శిక్ష. ఆచరణలో మొదటి భాగాన్ని ఉదహరించేవారే ఎక్కువ.

పేరు యజమానిదా, కొనేవాడిదా అన్న ఈ చర్చలో మూడవవాడు ఒకడున్నాడు. ముందే అడిగిన ప్రశ్నను ఇక్కడ మళ్ళీ ఎత్తుకోవాలి: పేరు ఏనాడూ కత్తి మీదికి ఎక్కనివాడి సంగతి ఏమిటి?

తవెర్నియే చెప్పిన గోల్కొండ ఉక్కు ఆకాశం నుంచి పడలేదు. ఉత్తర తెలంగాణలో, గోదావరికి దక్షిణాన, నేటి నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం అనే ఊరుంది. హెచ్.డబ్ల్యు. వాయిసీ అనే ఇంగ్లీషు వైద్యుడు, భూగర్భ శాస్త్రవేత్త, త్రికోణమితి సర్వేలో పనిచేస్తూ అక్కడి ఉక్కు తయారీని స్వయంగా చూసి రాశాడు. ఆయన 1824లో మరణించగా, ఆ వివరణ 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన రెండు రకాల ఇనుమును నిర్ణీత పాళ్ళలో కలిపి, మట్టి మూసలలో పెట్టి, మూత బిగించి, తిత్తులతో ఊదుతూ కరిగించేవారు. చల్లారాక మూస పగలగొడితే లోపల ఉక్కు బిళ్ళ. అది మరీ పెళుసుగా ఉంటుంది గనుక మట్టి పట్టించి మళ్ళీ మళ్ళీ కాల్చి మెత్తబరిచేవారు. అక్కడి మూసల మట్టిలో వరి ఊక దండిగా కలిపేవారని తరువాతి పరిశోధకులు నిర్ధారించారు. మన ఊళ్ళలో ఊకకు ఉన్న విలువ ఏపాటిదో అందరికీ తెలుసు. ఇస్ఫహాన్ కత్తి జౌహర్ వెనక ఆ ఊక కూడా ఉంది.

వాయిసీ అక్కడ ఉన్నప్పుడు హాజీ హుసేన్ అనే ఇస్ఫహాన్ వర్తకుడు కూడా ఆ ఊళ్ళోనే ఉన్నాడు. అది 1820 ప్రాంతం. అంతకు ముందు కూడా వచ్చివెళ్ళినవాడు. ఇరాన్‌లో ఈ ఉక్కును చేయడానికి ప్రయత్నించి విఫలమయ్యారని వాయిసీకి చెప్పాడు. హాజీ దగ్గర నిలబడి రెండు రకాల ఇనుమూ సరైన పాళ్ళలో పడేలా తూకం చూసేవాడు. మూసలో ఉక్కు పూర్తిగా కరిగిందో లేదో తానే చూసుకునేవాడు. ఇస్ఫహాన్ నుంచి ఈ మారుమూల పల్లెకు రావడమంటే ఎన్ని నెలల ప్రయాణమో ఊహించుకోవచ్చు. అంత దూరం నుంచి వచ్చినవాడు ఏ పేరునూ, ఏ ముద్రనూ నమ్మలేదు. బహుశా అసదుల్లా పేరు చెక్కిన కత్తులు ఎన్నో చూసినవాడు కావడం వల్లనే నమ్మలేదేమో. ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి చూడటమంటే ఇదే కదా.

ఇదే ఉక్కుకు ఐరోపాలో మరొక పేరు పడింది. 1790 దశకంలో బొంబాయి నుంచి లండన్‌కు వెళ్ళిన నమూనాలను 'వూట్జ్' అన్నారు. 1795లో పియర్సన్ రాయల్ సొసైటీ ముందు చదివిన వ్యాసం ఆ పేరునే స్థిరపరచింది. మన తెలుగు, కన్నడ 'ఉక్కు' మాటే వినడంలోనో రాయడంలోనో పొరపాటు పడి అలా మారిందని పలువురి అభిప్రాయం. జేమ్స్ స్టోడార్ట్ అనే లండన్ కత్తుల వ్యాపారి వూట్జ్‌ను మెచ్చి, తన దుకాణం ప్రకటన కార్డు మీద ఆ పేరే వేసుకున్నాడు. ఆయన ఫారడేతో కలిసి ఈ ఉక్కును అనుకరించాలని ప్రయోగాలు చేస్తూ వెండి కలిపిన ఉక్కును కూడా తయారుచేశాడు. ఆ పేరుకు గిరాకీ వచ్చేసరికి వెండి ఏమాత్రం లేని క్షౌరపు కత్తులు కూడా 'సిల్వర్ స్టీల్' పేరుతో అమ్ముడుపోయాయి. ఈనాటికీ యంత్రశాలలలో ఆ పేరుతో దొరికే ఉక్కులో వెండి ఉండదు. వంటింటి కత్తుల మీద 'డమాస్కస్' అని వేసి అమ్ముతున్న సరుకులో అధికభాగం రెండు రకాల ఉక్కు పొరలను అతికించి చేసినదే. మూస ఉక్కు కాదు, సిరియాది అంతకన్నా కాదు. అది జాతి తేడానా, గుణం తేడానా అని మర్గీనానీని అడగవలసి వస్తే ఆయన ముందు ఒక ఎదురుప్రశ్న వేసేవాడు: డమాస్కస్ అంటే ఊరా, ఉక్కా, చారలా? కొనేవాడు చారలు మాత్రమే అనుకుని కొంటే మోసం లేదు. ప్రాచీనుల ఉక్కు అనుకుని కొంటే అది గాజు.

2010లో ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగుళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ కలిసి ఉత్తర తెలంగాణ గ్రామాలలో తిరిగి, పాత ఇనుము, ఉక్కు తయారీ జరిగిన స్థలాలను వందల సంఖ్యలో నమోదు చేశాయి. చిట్టెపు దిబ్బలు, మూస పెంకులు ఎన్నో చోట్ల కనబడ్డాయి. అదే 2010లో హైదరాబాదీ హలీంకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఊరి పేరుకు ఆ ఊరి పనివారే హక్కుదారులని చెప్పే ఆ చట్టం మన దేశంలో 1999లో వచ్చి 2003 నుంచి అమలులో ఉంది. ముహ్‌తసిబ్ ఊహకూ, షెఫీల్డ్ వారి ఊహకూ మధ్య నిలిచేది అది. పేరు ఒక్కరిది కాదు, అలాగని ఎవరిదీ కాకుండానూ పోదు. కాని ఆ గుర్తింపు కోరవలసినది ఆ వస్తువును తయారుచేస్తున్నవారి సంఘమో, వారి తరఫున నిలిచే సంస్థో. మనకు తెలిసిన ఏ కత్తి మీదా కోనసముద్రం పేరు లేదు. దరఖాస్తు పెట్టుకోవడానికి అక్కడ ఇప్పుడు మూస ఉక్కు కొలిమీ వెలగడం లేదు.